కట్ట విప్పితేనే కేసు: విశాఖ లా విద్యార్థి కోర్టు పని ఎలా నేర్చుకోవాలి

విశాఖపట్నంలో లా చదివేవాళ్లు చాలామంది ఇంటర్న్‌షిప్‌కి మే నెల చూసుకుంటారు. పరీక్షలు అయిపోయి ఉంటాయి, కాలేజీ ఉండదు. సివిల్ కోర్టులకు వేసవి సెలవులు వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. ఆస్తి దావాలు నడిపే లాయరుగారి దగ్గర చేరినవాళ్లు నాలుగు వారాలూ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, ఒక్క సాక్షినీ చూడకుండా సర్టిఫికెట్ తీసుకుని వెళ్తారు. మేజిస్ట్రేట్ కోర్టులు మాత్రం ఎండల్లోనూ నడుస్తూనే ఉంటాయి. రిమాండ్లకూ బెయిళ్లకూ వేసవి తెలియదు. అదే మే నెలలో క్రిమినల్ కేసులు చూసే ఆఫీసులో చేరితే రోజూ పని కనిపించేది.

ఎక్కడ చేరాలి అన్నదాని మీద పెట్టే ఆలోచనలో సగమైనా ఎప్పుడు చేరాలి, చేరాక ఏ కాగితం వెంట నడవాలి అన్నదాని మీద పెట్టరు. అసలు చిక్కు అక్కడుంది.

ఒకే మాట కింద మూడు లెక్కలు

‘ప్రాక్టికల్స్’ అని కాలేజీల్లో వాడే మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

మొదటిది ఇంటర్న్‌షిప్ వారాలు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 న్యాయవిద్య నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సువాళ్లు మొత్తం మీద కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సువాళ్లు 20 వారాలు పూర్తిచెయ్యాలి. ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలు దాటకూడదు. ఏడాదికి నాలుగు చొప్పున వేసుకుంటే లెక్క సరిగ్గా సరిపోతుంది, మిగులు ఉండదు. మొదటి ఏడాది ‘ఇప్పుడే మనకేం అర్థమవుతుందిలే’ అని వదిలేసినవాళ్లు తర్వాత ఒకే ఏడాదిలో రెండు విడతలు చెయ్యాల్సి వస్తుంది. దానికి కాలేజీ ఒప్పుకుంటుందో లేదో ముందే అడిగి పెట్టుకోవాలి. కోర్సు మొత్తంలో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు లాయర్ల దగ్గరా, అప్పీళ్లు చూసే లాయర్ల దగ్గరా పనిచేసి తీరాలన్నది ఇంకో షరతు. ఇరవై వారాలూ కంపెనీల్లో, ఎన్జీవోల్లో గడిపి చివర్లో ఇబ్బంది పడేవాళ్లు ఈ షరతు చదవనివాళ్లే.

రెండోది క్లినికల్ పేపర్లు. ఇవి నాలుగు: డ్రాఫ్టింగ్ (చిత్తు రాయడం), ప్లీడింగ్ (దావా, జవాబు లాంటి కోర్టు కాగితాలు), కన్వేయన్సింగ్ (దస్తావేజులు) కలిపి ఒకటి, వృత్తి నైతికత ఒకటి, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం ఒకటి, మూట్ కోర్టుతో (విద్యార్థులు వాదించే నమూనా కోర్టుతో) కలిపిన ఇంటర్న్‌షిప్ పేపరు ఒకటి. డ్రాఫ్టింగ్ పేపర్లో 15 ప్లీడింగులు, 15 దస్తావేజులు రాయాలి. ఒక్కోదానికి మూడు మార్కులు, వైవాకి పది. మూట్ పేపరు వంద మార్కుల్లో మూట్లకి 30, ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రాసినందుకు 30, క్లయింటుతో లాయరు మాట్లాడే తీరు, కాగితాలు తయారుచేసి దాఖలు చేసే పద్ధతి గమనించి డైరీ రాసినందుకు 30, వైవాకి 10. ఇంటర్న్‌షిప్‌లో చూసినదే ఇక్కడ రికార్డుగా మారుతుంది. రెండూ వేరనుకుని విడివిడిగా చేసేవాళ్లు ఒకే పనిని రెండుసార్లు చేస్తారు. రెండోసారి సీనియర్ల రికార్డు చూసి ఎక్కిస్తారు, అది వేరే సంగతి.

మూడోది న్యాయసహాయం. 1987 న్యాయసేవల చట్టం లా కాలేజీల్లో లీగల్ సర్వీసెస్ క్లినిక్కులను ప్రోత్సహించి, వాటి పనిని పర్యవేక్షించే బాధ్యతను జాతీయ సంస్థ మీద పెట్టింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎంపిక చేసి శిక్షణ ఇచ్చే పారా లీగల్ వాలంటీర్లలో లా విద్యార్థులూ ఉండొచ్చు. లాయరుగా ఎన్‌రోల్ అయ్యేదాకా (బార్ కౌన్సిల్లో పేరు నమోదయ్యేదాకా) ఆ హోదాలో పనిచెయ్యొచ్చు.

ఈ మూడూ కలిపినా ‘ప్రాక్టీసు’ అనిపించుకోవు. సివిల్ జడ్జి ఉద్యోగానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ తప్పనిసరి చేసింది. ఆ మూడేళ్లు బార్ కౌన్సిల్లో తాత్కాలికంగా పేరు నమోదైన (ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్) తేదీ నుంచి మొదలవుతాయి. విద్యార్థిగా కోర్టులో గడిపిన వారాలు అందులోకి రావు.

ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు

1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం కోర్టులో వాదించే హక్కు ఎన్‌రోల్ అయినవాళ్లదే. హక్కు లేకుండా ప్రాక్టీసు చేస్తే 45వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఇంటర్న్ వకాల్తా మీద సంతకం పెట్టకూడదు. ‘సార్ దారిలో ఉన్నారండీ, కాస్త టైమివ్వండి’ అని బెంచి ముందు లేచి నిలబడకూడదు. అలా చెప్పాల్సిన పని ఎన్‌రోల్ అయిన జూనియరుది. క్లయింటు మెట్ల దగ్గర పట్టుకుని ‘బాబూ, మా కేసు గెలుస్తామా?’ అంటే జవాబు చెప్పకూడదు. బండి మీద అడ్వకేట్ స్టిక్కరు సంగతి సరేసరి.

దుస్తులకీ నియమం ఉంది: తెల్ల లేదా నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల టై, నల్ల కోటు, నల్ల బూట్లు. అమ్మాయిలు కావాలంటే నల్ల అచ్చు చీర, నిండు చేతుల తెల్ల జాకెట్టు వేసుకోవచ్చు. బ్యాండు, గౌను లాయర్లవి. ఏ కారణం వల్లనైనా ఇవన్నీ సమకూరకపోతే తెల్ల ప్యాంటు, నిండు చేతుల చొక్కా, మూసిన బూట్లతో సరిపెట్టుకోవచ్చని ఆ నియమంలోనే రాసి ఉంది. కోటు లేదని ఇంటర్న్‌షిప్ వాయిదా వేసుకోనక్కర్లేదు.

చెయ్యగలిగింది మాత్రం చాలా ఉంది. కట్ట (కేసు కాగితాల ఫైలు) చదివి తేదీల పట్టిక రాయడం, మొదటి చిత్తు రాయడం, తీర్పులు వెతకడం, దాఖలు చేసేటప్పుడు గుమస్తాగారి వెంట కోర్టు కార్యాలయం సెక్షన్లోకి వెళ్లడం. మనసులో మాట చెప్పాలంటే, మంచి ఆఫీసులో మొదటి వారం లాయరుగారి కంటే గుమస్తాగారి దగ్గరే ఎక్కువ నేర్చుకోవచ్చు. పిటిషన్ ఏ సెక్షన్లో ఇవ్వాలి, ఏ స్టాంపు ఎక్కడ అంటించాలి, బత్తా (సమన్లు పంపే ఖర్చు) కట్టకపోతే సమన్లు ఎందుకు కదలవు, బెంచి క్లర్కు దగ్గర వాయిదా తేదీ ఎలా రాసుకోవాలి అన్నవి లా పుస్తకాల్లో దొరకవు.

చెక్కు కేసు: లెక్క తప్పితే కేసే ఉండదు

మొదటిసారి ఆఫీసులో చేరినవాళ్లు చెక్కు బౌన్సు కట్ట అడిగి తీసుకోవడం మంచిది. ప్రతి ట్రయల్ ఆఫీసులోనూ ఉంటుంది, కాగితాలు తక్కువ, చట్టం స్పష్టంగా ఉంటుంది, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ గడువులు ఒక ఉదాహరణతో చూద్దాం. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి 2025 మార్చి 3న తెలిసింది. తెలిసిన రోజు వదిలేసి 30 రోజులు లెక్కపెడితే ఏప్రిల్ 2. ఆలోపు నోటీసు పంపాలి. మార్చి 20న రిజిస్టర్డ్ పోస్టులో పంపారు, అవతలి వ్యక్తికి 24న అందింది. అందిన రోజు వదిలేసి 15 రోజులు, అంటే ఏప్రిల్ 8 దాకా అతనికి డబ్బు కట్టే గడువు. కట్టలేదు. ఏప్రిల్ 9న కేసు వేసే కారణం పుడుతుంది. ఆ రోజునూ వదిలేసి నెల లెక్కపెడితే మే 9 ఆఖరి రోజు.

తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. మొదటిది, పదిహేను రోజులు నిండకముందే తొందరపడి ఫిర్యాదు వెయ్యడం. అది చెల్లదని, మళ్లీ తాజాగా వేసుకోవాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. రెండోది, నోటీసులో చెక్కు మొత్తం కాకుండా వేరే అంకె రాయడం. పాత నోటీసు ఫైలు తెరిచి పేర్లు మార్చి అంకె మార్చడం మరచిపోతే అంతే. టైపింగు పొరపాటు అన్న సాకు కుదరదని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటర్న్ చిత్తు రాసిన నోటీసులో సరిగ్గా ఇదే తప్పు దొర్లుతుంది కాబట్టి అంకె, అక్షరాల్లో మొత్తం, చెక్కు నంబరు, తేదీ ఈ నాలుగూ చెక్కు పక్కన పెట్టుకుని వేలితో చూపిస్తూ సరిపోల్చాలి. మూడోది అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు. అది రాలేదని ఊరుకుంటే అందిన తేదీ ఋజువు ఉండదు. పోస్టల్ ట్రాకింగ్ పేజీ వెంటనే ప్రింటు తీసి కట్టలో పెట్టాలి, నెలలు గడిచాక ఆ పేజీ దొరకదు. ఇక ఏ కోర్టులో వెయ్యాలంటే, చెక్కు ఖాతాలో జమకు వేస్తే ఫిర్యాదుదారుడికి ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడ. గాజువాక శాఖలో ఖాతా ఉన్నవాళ్ల కేసు నగరంలోని కోర్టులో వేస్తే తిరిగి తెచ్చుకోవాల్సిందే.

దావా ‘రిటర్న్’ అయితే ఏమైనట్టు

క్లాసులో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 10 వేరు, ఆఫీసులో వినిపించే ‘రిటర్న్ కొట్టారు’ వేరు. పరిధి లేదని జడ్జిగారు దావాను వేరే కోర్టుకు పొమ్మనడం మొదటిది. లోపాలున్నాయి, సరిచేసి తెమ్మని కోర్టు కార్యాలయం తిప్పి పంపడం రెండోది. ఆ రిటర్న్ కాగితం మీద రాసిన అభ్యంతరాలు ఇంటర్న్‌కి డ్రాఫ్టింగ్ పాఠ్యపుస్తకం.

మామూలుగా ఉండే అభ్యంతరాలు ఇవి: కోర్టు ఫీజు తక్కువైంది, స్థలం విలువకు సబ్ రిజిస్ట్రారు ఇచ్చే మార్కెట్ విలువ పత్రం లేదు, షెడ్యూలులో నాలుగు హద్దులు లేవు, వకాల్తా మీద సంక్షేమ నిధి స్టాంపు లేదు, జాబితాలో రాసిన కాగితాలకూ జతచేసినవాటికీ పొంతన లేదు. వీటికి ఒక్కొక్కటిగా జవాబు రాసి, ఇచ్చిన గడువులో మళ్లీ దాఖలు చెయ్యాలి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్. చిన్న లోపానికి రెండు నెలలు పోతే ఈలోగా స్టే అడగాల్సిన స్థలంలో అవతలివాళ్లు గోడ లేపేస్తారు.

విశాఖ స్థలాల కట్టల్లో కొన్ని ప్రత్యేక చిక్కులున్నాయి. నగరంలో సర్వే నంబరుతో పాటు టౌన్ సర్వే నంబరు, వార్డు, బ్లాకు ఉంటాయి. పాత దస్తావేజులో ఒకటి, కొత్త దాంట్లో ఇంకొకటి ఉంటే రెండూ ఒకే స్థలమని చూపించే కాగితం వెతకాలి. అడవివరం, వేపగుంట వైపు కట్ట అయితే సింహాచలం దేవస్థానంతో నడుస్తున్న పంచగ్రామాల భూవివాదం దాంట్లో ఉందేమో ముందు చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో చూడకుండా రాసిన టైటిల్ నోటు (ఆస్తి హక్కు మీద రాసే నోటు) ఎవరికీ పనికిరాదు.

ఇంకొకటి, స్వాధీనం ఇచ్చేసినట్టు రాసుకున్న అమ్మకం అగ్రిమెంటు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, ఇల్లు కట్టుకుని ఉంటున్నవాళ్లు మన దగ్గర ఎందరో. ఆంధ్రప్రదేశ్‌లో స్వాధీనంతో కూడిన అగ్రిమెంటుకు అమ్మకం దస్తావేజుకు కట్టినట్టే స్టాంపు డ్యూటీ కట్టాలి. అది లేకుండా సాక్ష్యంలో మార్కు చెయ్యబోతే అవతలి లాయరు లేచి అభ్యంతరం చెప్తారు. కాగితం కోర్టు అదుపులోకి పోయి, డ్యూటీతో పాటు జరిమానా కట్టేదాకా విచారణ ఆగిపోతుంది. కట్ట మొదటిసారి విప్పినప్పుడే ఆ సంగతి పసిగట్టి నోటులో రాసిన ఇంటర్న్‌ను ఆఫీసు గుర్తుపెట్టుకుంటుంది.

విచారణ చూడటం కూడా నేర్చుకోవాలి

రెండు కేసుల విచారణ చూడమంటే చాలామంది హత్య కేసు ఒకటి, ఆస్తి పంపకాల దావా ఒకటి ఎంచుకుంటారు. పంపకాల దావా మీ కోర్సులో పూర్తి కాదు. ప్రామిసరీ నోటు దావా తీసుకోండి. అప్పిచ్చినవాడు, సాక్షి సంతకం పెట్టినవాడు, నోటు రాసినవాడు, ఇటు ఇద్దరు ముగ్గురు, అటు ఒకరిద్దరు. క్రిమినల్ వైపు మేజిస్ట్రేట్ కోర్టులో చిన్న దొంగతనం కేసో, రోడ్డు ప్రమాదం కేసో చాలు. సెషన్స్ కేసులో సాక్షుల షెడ్యూలు ఇచ్చి ఉంటే మాత్రం వదలకండి, రోజుల తరబడి వరసగా సాక్ష్యం నడుస్తుంది.

సివిల్ కోర్టులో కూర్చున్నవాళ్లకి ఒక నిరాశ తప్పదు. వాది బోనెక్కి కథంతా చెప్తాడనుకుంటే చెప్పడు. చీఫ్ ఎగ్జామినేషన్ (తన వైపు లాయరు చెప్పించే సాక్ష్యం) అఫిడవిట్ రూపంలో ముందే దాఖలై ఉంటుంది. కాగితాలు ఎగ్జిబిట్ ఏ-1, ఏ-2 అని మార్కు చేసి వెంటనే క్రాస్ (అవతలి లాయరు ప్రశ్నలు) మొదలెడతారు. ప్రతివాది కాగితాలు బి సిరీస్. క్రిమినల్‌లో అయితే ప్రాసిక్యూషన్‌వి పి సిరీస్, వస్తువులు ఎంఓలు. అఫిడవిట్, దావా, జవాబు దావా ముందురోజు సాయంత్రం ఆఫీసులో చదువుకోకుండా వెళ్తే క్రాస్‌లో ఒక్క ప్రశ్నా తలకెక్కదు.

క్రాస్ చివర్లో ‘నోటు మీద సంతకం నేను ఫోర్జరీ చేశాననుట నిజం కాదు’, ‘అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననుట నిజం కాదు’ అని వరసగా రాసుకుపోతుంటే కొత్తవాళ్లకి ఇదంతా తంతులా కనిపిస్తుంది. కాదు. మన వాదన ఏదో సాక్షి ముందు పెట్టి, కాదనే అవకాశం అతనికి ఇవ్వకపోతే, ఆ విషయంలో అతను చెప్పింది ఒప్పుకున్నట్టేనని తర్వాత వాదిస్తారు. డైరీలో ‘క్రాస్ జరిగింది’ అని కాక, ఏ ప్రశ్న జవాబు దావాలోని ఏ పేరా కోసం వేశారో రాయండి. మార్కులు దానికే వస్తాయి.

బెయిలు కాగితం వెంట

క్రిమినల్ ఆఫీసులో ఒక బెయిలు పిటిషన్‌ను మొదటి నుంచి చివరిదాకా వెంటాడితే చాలు. రిమాండ్ రిపోర్టు నకలు తెచ్చుకోవడం, నాన్ బెయిలబుల్ నేరమైతే మేజిస్ట్రేట్ దగ్గర భారతీయ నాగరిక సురక్షా సంహిత 480వ సెక్షన్ కింద, సెషన్స్ కోర్టులో 483 కింద పిటిషన్, ప్రాసిక్యూటరుకు నోటీసు, వాదనలు, ఆర్డరు. అరెస్టుకు ముందే అయితే 482. ఆర్డరు రాగానే ఇంటికి వెళ్లిపోకండి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. జామీనుదారులు ఇద్దరు కావాలంటే వాళ్ల ఆధారు, ఆస్తి పన్ను రసీదులు, ఫోటోలు, అఫిడవిట్లు ఉండాలి. ఒకరి ఇంటి పన్ను రసీదు తండ్రి పేరు మీదే ఉందనుకోండి, ఆ రోజుకి పని అయిపోయినట్టే. విడుదల ఉత్తర్వు అడవివరం సెంట్రల్ జైలుకు సాయంత్రంలోపు చేరకపోతే బెయిలు వచ్చిన మనిషి ఇంకో రాత్రి లోపలే ఉంటాడు. ఆ ఒక్క రాత్రి ఎందుకు పోయిందో వెతికితే ఆ పని మొత్తం అర్థమవుతుంది.

సెక్షన్ నంబర్లు రెండు వరసల్లో గుర్తుండాలి. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, అంతకుముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే. అందుకే ఒకే రోజు మోసం కేసుకు ఒక హాల్లో 420 అనీ, పక్క హాల్లో 318(4) అనీ వినిపిస్తుంది. వాట్సాప్ మెసేజీలు దాఖలు చెయ్యాలంటే ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి: ఒకటి పార్టీది, ఒకటి నిపుణుడిది, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తుతో) సహా. పాత సాక్ష్య చట్టం 65-బి నమూనా కాపీ కొట్టి పెడితే ఎత్తిచూపుతారు.

విశాఖలో ఉన్నవి, విశాఖలో లేనివి

జిల్లా కోర్టు సముదాయం బయట కూడా నేర్చుకునే చోట్లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. జిల్లా వినియోగదారుల కమిషన్ కొత్తవాళ్లకి బాగా అర్థమవుతుంది. వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా ఉంటే ఇక్కడే, అయిదు లక్షల దాకా అయితే ఫీజే లేదు. ఫిర్యాదు, జవాబు, అఫిడవిట్లు, వాదనలు అన్నీ చిన్న కట్టలో ఇమిడిపోతాయి. బ్యాంకు బాకీల మీద ఆసక్తి ఉంటే రుణ వసూళ్ల ట్రిబ్యునల్ ఉంది. ఆదాయపన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్ బెంచి ఉంది. కార్మిక కేసులకు లేబర్ కోర్టు ఉంది. ఫ్యాక్టరీల ఊరు కాబట్టి అక్కడి కట్టల్లో స్టాండింగ్ ఆర్డర్లు (ఫ్యాక్టరీ పని నియమాలు), విచారణ నివేదికలు చదవడం వస్తుంది.

రేవు పట్నం కదా, ఓడల కేసులు ఇక్కడే ఉంటాయనుకుంటారు. 2017 అడ్మిరాల్టీ చట్టం ప్రకారం ఓడను అరెస్టు చేయించే అధికారం హైకోర్టుది. విశాఖ రేవులో ఉన్న ఓడ మీద ఉత్తర్వు కావాలన్నా అమరావతిలోని నేలపాడుకు వెళ్లాలి. ఇక్కడి షిప్పింగు ఆఫీసుల్లో మిగిలేది బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కిన సరుకు రసీదు), సర్వే రిపోర్టు, క్లెయిము ఉత్తరాల పని. అదీ విలువైనదే, కానీ వాదనలు వినాలనుకుని వెళ్లకండి.

అప్పీలు షరతుకు హైకోర్టులో నాలుగు వారాలు మంచి మార్గం. హైకోర్టు వేసవి, దసరా, సంక్రాంతి సెలవులు చూసుకుని, విజయవాడలోనో గుంటూరులోనో మకాం ఏర్పాటు చేసుకుని వెళ్లాలి.

చిన్న కోర్టుల సంగతి ఎవరూ పట్టించుకోరు. సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో ఉండేవాళ్లకి అనకాపల్లి, చోడవరం కోర్టులు దగ్గర. బీచ్ రోడ్డు వైపు వాళ్లకి భీమిలి ఉంది. అక్కడ ఒకే లాయరు దగ్గర ఉదయం భరణం కేసు, మధ్యాహ్నం ఇంజంక్షన్, సాయంత్రం ప్రమాద నష్టపరిహారం చూడొచ్చు. పెద్ద ఆఫీసులో అయిదో ఇంటర్న్‌గా జెరాక్సులు తీసేకంటే అది వందరెట్లు నయం. తెలుగు దస్తావేజులు చదవడం వచ్చినవాళ్లకి అక్కడ గౌరవమూ ఎక్కువ.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో వాలంటీరుగా చేరినవాళ్లకి మనుషులతో మాట్లాడటం వస్తుంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారన్న ఒక్క సంగతి చెప్పడానికే రోజూ ఎవరో ఒకరు ఉండాలి. 15100 హెల్ప్‌లైను నంబరు ఉందని కూడా చాలామందికి తెలియదు. బాధితురాలు అరగంట ఏడుస్తూ చెప్పింది విని, అందులోంచి తేదీలు, పేర్లు, కావలసిన సాయం ఒక పేజీలో రాయగలిగితే డ్రాఫ్టింగ్ సగం వచ్చినట్టే.

అడగడం, చేరడం, డైరీ

కంపెనీలకీ పెద్ద సంస్థలకీ మెయిలు పంపాలి. విశాఖలో ట్రయల్ లాయర్ల దగ్గరికి మాత్రం కాలేజీ ఉత్తరం పట్టుకుని సాయంత్రం ఆరు తర్వాత ఆఫీసుకు వెళ్లి అడగడమే పద్ధతి. పగలు కోర్టు వరండాలో పట్టుకుంటే పేరు కూడా గుర్తుండదు. సర్టిఫికెట్ గురించి మొదటి రోజే మాట్లాడకండి. సాయంత్రం ఆఫీసుకు కూడా వస్తానని చెప్పండి. క్లయింట్లు వచ్చేది అప్పుడే, మర్నాటి కేసుల కట్టలు విప్పేది అప్పుడే. డబ్బు సంగతి: జూనియర్ లాయర్లకి నగరాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో సిఫారసు చేసింది. అది ఎన్‌రోల్ అయిన జూనియర్ల గురించి, ఇంటర్న్‌ల గురించి కాదు. బస్సు ఖర్చులు, జెరాక్సులు మీ జేబులోంచే పోతాయనుకుని లెక్క వేసుకోవాలి. హాజరు సంగతీ మరవకండి, ప్రతి సబ్జెక్టులో 70 శాతం ఉండాలి. క్లాసులు ఎగ్గొట్టి కోర్టులో కూర్చుని చివరికి పరీక్ష రాయలేకపోతే ఏం లాభం?

డైరీలో రోజూ అయిదు సంగతులు చాలు: కేసు నంబరు, ఏ దశలో ఉంది, ఈరోజు ఏం జరిగింది, ఏ సెక్షన్ కింద, తర్వాతి వాయిదా ఎందుకు. నెల చివర్లో గుర్తుచేసుకుని రాసిన డైరీ వైవాలో మూడో ప్రశ్నకే బయటపడిపోతుంది.

డైరీలో ఏం రాయకూడదో ఇంకా ముఖ్యం. లైంగిక నేరాల బాధితుల పేరు, ఊరు, గుర్తుపట్టే ఏ వివరమూ రాయకూడదు. అలాంటి వివరాలు అచ్చువెయ్యడం, బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. మీ డైరీ కాలేజీలో పది చేతులు మారుతుంది. పోక్సో, అత్యాచారం కేసుల్లో సాక్ష్యం మూసిన తలుపుల వెనక నడుస్తుంది. బెంచి క్లర్కు చెప్పేదాకా ఆగకుండా లేచి బయటికి రావాలి. క్లయింటు లాయరుతో చెప్పుకున్న మాటల రహస్యం ఆఫీసు సిబ్బందికీ వర్తిస్తుందని సాక్ష్య అధినియం 132వ సెక్షన్ చెప్తోంది. ‘ఫలానా పెద్దాయన విడాకుల కేసు మా సార్ దగ్గరే’ అని స్నేహితుల గ్రూపులో ఒక్క మెసేజీ చాలు, మళ్లీ ఆ గుమ్మం తొక్కనివ్వరు. కోర్టు హాల్లో ఫోను మూసెయ్యండి, ఫోటో అసలే వద్దు.

తీర్పులు వెతికేటప్పుడు సుప్రీంకోర్టు తన తీర్పులను ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తున్న ఈ-ఎస్‌సీఆర్‌లో పూర్తి తీర్పు తెరిచి, పేరా నంబరు చూసి మరీ రాసివ్వండి. ఏఐ సాధనాలు ఉనికిలో లేని తీర్పులకి కూడా పేర్లు, సంవత్సరాలు చక్కగా అమర్చి ఇస్తాయి. ఆ కాగితం జడ్జిగారి ముందు పెట్టి తలదించుకునేది మీ సీనియరు.

నాలుగో వారం ఆఖరి సాయంత్రం సర్టిఫికెట్ తీసుకునే ముందు, చదివిన కట్టల సీఎన్ఆర్ నంబర్లు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబర్లు) రాసుకోండి. పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన ఆ నంబరు ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదాలు, ఉత్తర్వులు కనిపిస్తూనే ఉంటాయి. మీరు నోటీసు చిత్తు రాసిన చెక్కు కేసులో ముద్దాయి హాజరయ్యాడా, రాజీకి వచ్చాడా అన్నది ఏడాది తర్వాత కూడా సబ్బవరం హాస్టల్లో కూర్చుని చూసుకోవచ్చు.